మరీ బాగైపోయిన సైకిలు

2023, శ్రావణ మాసం. వేమగిరిలో కాలవ రోడ్డు పక్కన నా సైకిలు షాపు. ఆ ఉదయం అక్కడ ఉన్నవారూ ఉన్నవీ ఇవి: నేను. నెత్తిన ఎరువు సంచీ కప్పుకుని వచ్చిన, యాభై దాటిన ఒక ఆవిడ. ఆవిడ తొక్కకుండా నడిపించుకుంటూ తెచ్చిన రాడ్ బ్రేకుల నల్ల సైకిలు. బల్ల మీద నా వర్నియర్ కాలిపర్, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా కొలిచే పరికరం. కప్పులు నొక్కే ప్రెస్. బయట వాన.

సైకిలు మీద మొదటి చూపులో కనిపించినవి కూడా చెప్పేస్తాను. హ్యాండిలుకి ఎడమ వైపు బ్రేకు లివరు లేదు. ఎడమ గ్రిప్పు కొత్తదిలా ఉంది, కుడి గ్రిప్పు అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది. బెల్లు హ్యాండిలు మీద లేదు, సీటు వెనక భాగాన, క్యారేజీ వైపు తిరిగి ఉంది. క్యారేజీకి పాత చీర మడతలు పెట్టి కుట్టిన మెత్త.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివి, ఒక ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో కొన్నాళ్ళు పనిచేసి, మావయ్య వదిలేస్తానన్న ఈ షాపు తీసుకున్నాను. వచ్చిన బండిని ఇలా వరసపెట్టి చూడడం అక్కడ అబ్బిన అలవాటు. వరసపెట్టి చూడడం ఒకటి, చూసినవాటిని కలిపి అర్థం చేసుకోవడం ఇంకొకటి. ఆ రోజు నేను మొదటిది మాత్రమే చేశాను.

ఆవిడ పేరు మంగతాయారు. కడియపులంకలో ఒక నర్సరీలో అంటు కడతారు. భర్త వీర్రాజు గారు అక్కడే మొక్కలకు నీళ్ళు పెట్టే పని చూస్తారు. రోజూ ఇద్దరూ ఈ సైకిలు మీదే కాలవ గట్టు వెంట వెళ్ళి వస్తారు.

"హ్యాండిలు దగ్గర కటకటలాడతందండి. బ్రేకేత్తే మొత్తం ఊగిపోద్ది. వెనకాల కూర్చునే దాన్ని, నాకు నడుం దాకా తెలుత్తాది. మా ఆయన సామర్లకోట వెళ్ళారు, వాళ్ళన్నయ్య గారి గృహప్రవేశానికి. వచ్చేలోగా కొత్తదానిలా చేసి పెట్టేయాలండి. ఆయనకి చెప్పలేదు."

"అలాగేనండి పిన్నిగారూ. ఎడమ బ్రేకు లివరు కూడా వేసేయమంటారా?"

"ఎందుకండీ, ఆయనకి ఒకటి చాలు."

"బెల్లు తీసి హ్యాండిలు మీదికి మార్చేస్తాను."

"అమ్మమ్మా! ఆ బెల్లు ముట్టుకోకండి. అది నాది. వెనకాల కూర్చుని నేనే కొడతాను."

నాకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిందనుకున్నాను.

*

ఇక్కడ కాసేపు హెడ్‌సెట్ గురించి చెప్పాలి. సైకిలు ముందు భాగంలో నిలువుగా ఒక పొట్టి గొట్టం ఉంటుంది. హ్యాండిలునీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కునీ కలిపే కడ్డీ ఆ గొట్టంలోంచే వెళ్తుంది. అది ఊగకుండా, బిగుసుకుపోకుండా తిరగడానికి గొట్టం పైన ఒక కప్పు, కింద ఒక కప్పు, వాటిలో ఉక్కు గోళీలు ఉంటాయి. కింది గోళీలు కూర్చోవడానికి ఫోర్కు మెడలో ఒక ఉంగరం ఉంటుంది, దాన్ని క్రౌన్ రేస్ అంటారు. ఇవన్నీ కలిపి హెడ్‌సెట్.

కప్పు గొట్టంలో ఎలా నిలుస్తుందో తెలియాలంటే రోకలి చివర ఉండే ఇనప పొన్ను గుర్తు తెచ్చుకుంటే చాలు. పొన్నుకి మేకు ఉండదు, జిగురు ఉండదు. పొన్ను లోపలి కొలత కర్ర కంటే వెంట్రుకవాసి చిన్నది. అందుకే కొట్టి ఎక్కించాలి, అందుకే ఊడిరాదు. కప్పుదీ అదే సూత్రం. గొట్టం లోపలి కొలత కంటే కప్పు మిల్లీమీటరులో పదో వంతు పెద్దగా ఉండాలి. సమానంగా ఉంటే చేత్తోనే దూరుతుంది, చేత్తోనే ఊడుతుంది.

చిక్కంతా ఏమిటంటే ఈ పాత తరహా సైకిళ్ళలో కంటికి ఒకేలా కనిపించే రెండు కుటుంబాలున్నాయి. ఒకదాంట్లో కప్పు ముప్పై మిల్లీమీటర్లు, క్రౌన్ రేస్ ఇరవై ఏడు. రెండోదాంట్లో కప్పు ముప్పై పాయింట్ రెండు, రేస్ ఇరవై ఆరు పాయింట్ నాలుగు. ఇందులోది అందులో వేయకూడదు. కానీ కొట్లో అడిగితే "అన్నీ ఒకటే సైజండీ, పట్టేత్తాది" అంటారు. రాజమండ్రి గోదావరి గట్టు మీద పొద్దున్నే గేరు సైకిళ్ళు తొక్కేవాళ్ళకీ ఇదే తంటా. వాటిలో గోళీలు విడిగా ఉండవు, సీలు వేసిన బేరింగు ఉంటుంది. నలభై ఒకటి, నలభై ఒకటి పాయింట్ ఎనిమిది అని రెండు రకాలు. చేతిలో పెట్టుకుంటే తేడా తెలియదు. పైగా అంచు ఎంత వాలుగా ఉందో, ముప్పై ఆరు డిగ్రీలా నలభై ఐదా అన్నది కూడా చూడాలి. అంకెలు బేరింగు మీదే ఉంటాయి, తుడిచి చదివే ఓపిక ఉండాలంతే.

మంగతాయారు గారి సైకిలు విప్పితే ఎవరో "పట్టేత్తాది" అన్న సంగతి బయటపడింది. గొట్టం కొలత ముప్పై పాయింట్ ఒకటి. అందులో ముప్పై కప్పు. ఫోర్కు మెడ ఇరవై ఆరున్నర. అక్కడ ఇరవై ఏడు రేస్. రెండు చోట్లా సందు పూడ్చడానికి డబ్బా రేకు ముక్కలు చుట్టి పెట్టారు. ఆ రేకు నలిగిపోయి కప్పు కదలడం మొదలైంది. కదిలే కప్పులో గోళీలు ఒకేచోట దెబ్బ మీద దెబ్బ తింటూ కింది కప్పులో వరసగా గుంటలు చేశాయి. గుంట పునుగుల పెనంలా ఉంది. హ్యాండిలు నిటారుగా ఉన్నప్పుడు గోళీలన్నీ ఆ గుంటల్లో టక్కున కూర్చుంటాయి. పక్కకి తిప్పాలంటే కాస్త బలం పెట్టి వాటిని గుంటల్లోంచి లేపాలి. దీన్ని ఇండెక్స్డ్ స్టీరింగ్ అంటారు. ఏ పుస్తకం చూసినా, ఏ మెకానిక్‌ని అడిగినా ఇది హెడ్‌సెట్ ఆయువు తీరిందనడానికి గుర్తు.

గొట్టం శుభ్రం చేసి, ముప్పై పాయింట్ రెండు కప్పులు ప్రెస్‌తో నిటారుగా నొక్కాను. ఇరవై ఆరు పాయింట్ నాలుగు రేస్ దించాను. కప్పు నిండా గోళీలు పేర్చి ఒకటి తీసేశాను, కాస్త చోటు లేకపోతే అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. గ్రీజు పెట్టి, ఊగులాట పోయి తిరుగుడు మిగిలేదాకా లాక్ నట్టు సర్దాను. దీనికి ఒక పరీక్ష ఉంది: ముందు చక్రం గాల్లోకి ఎత్తి, సైకిలుని కొంచెం ఒరగనిస్తే హ్యాండిలు తనంతట తనే ఆ వైపుకి వాలిపోవాలి. పండుటాకు రాలినట్టు వాలింది.

మంగతాయారు గారు వచ్చి ఒక వేలితో హ్యాండిలు తిప్పి చూశారు.

"అబ్బ! వెన్నపూసలా ఉందండీ. ఆయన చూసి ఆశ్చర్యపోతారు."

*

తర్వాతి వారం ఆ సైకిలుని మళ్ళీ నడిపించుకుంటూ ఒక పెద్దాయన వచ్చారు. కుడి చేత్తో హ్యాండిలు మధ్యలో పట్టుకున్నారు. ఎడమ చొక్కా చెయ్యి మోచేతి పైన మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

లివరు, గ్రిప్పు, బెల్లు మూడూ అప్పుడు ఒకచోటికి వచ్చాయి. మంగతాయారు గారు నా దగ్గర ఏదీ దాచలేదు. పెళ్ళైన నాటి నుంచీ ఆ ఒక్క చేత్తోనే భర్తను చూసిన మనిషికి అది ఇంకొకరికి చెప్పాల్సిన సంగతని తట్టి ఉండదు.

"బాబూ, ఇది బాగు చేసింది మీరేనాండి?"

"అవునండి బాబాయ్‌గారూ. ఏమైనా ఇబ్బందా?"

"ఆయ్, ఇబ్బందేం లేదండి. బాగుందండి. మరీ బాగుంది." సైకిలుకి స్టాండు వేసి వీధి వైపు చూశారు. "ఆ పాత కప్పులు పారేశారా?"

"పాతసామాన్ల డబ్బాలో ఉన్నాయి. ఎందుకండీ?"

"మళ్ళీ అవే వేసేయగలరా? మా ఆవిడకి తెలియకూడదు."

కూర్చోమన్నాను. కూర్చుని నెమ్మదిగా చెప్పారు. పద్దెనిమిదో ఏట బెల్లం వండే చోట చెరకు గానుగలో చెయ్యి పోయింది. సైకిలు మానలేదు. ఒక చెయ్యి హ్యాండిలుకి ఒక చివరే ఉంటుంది కాబట్టి, దాని బరువు ఎప్పుడూ చక్రాన్ని అటే తిప్పుతుంది. తొక్కుతున్నంతసేపూ దాన్ని సరిచేసుకుంటూనే ఉండాలి. పెళ్ళయ్యాక మంగతాయారు గారు వెనక ఎక్కారు. వెనక బరువు పడితే ముందు చక్రం ఇంకా తేలికవుతుంది. మొదటి ఏళ్ళలో చాలాసార్లు పడ్డారట.

"తర్వాత్తర్వాత సైకిలు తిన్నగా పోవడం మొదలెట్టిందండి. నేను చెయ్యి వేత్తే చాలు, అదే నిలబడేది. గట్టు మీద గాలేసినా కదిలేది కాదు. నాకు అలవాటైపోయిందనుకోలేదండి నేను. సైకిలే నన్ను నేర్చుకుందనుకున్నాను."

సైకిలు నేర్చుకున్నదంటే కింది కప్పులోని ఆ గుంటలే. నేను వాటిని తీసి డబ్బాలో వేశాను.

"ఇప్పుడెలా ఉందండీ?"

"చెయ్యేత్తే పారిపోతందండి. ఒక్కణ్ణయితే ఎలాగో తొక్కేత్తాను. ఆవిణ్ణెక్కించుకునే ముందు చూద్దామని, ఆవిడ బరువుండే కంపోస్టు బస్తా ఒకటి క్యారేజీకి కట్టి గట్టెక్కాను. కాలవలో పడాల్సింది, తుమ్మ మొక్క ఆపింది." మోచేతి మీది గీతలు చూపించారు. "అందుకని క్యారేజీ వెల్డింగు చిట్లిందని చెప్పి ఆవిణ్ణి ఆటో ఎక్కిత్తన్నాను. ముచ్చటపడి చేయించింది బాబూ. బాగోలేదని నేనెలా అంటాను?"

డబ్బాలోంచి కింది కప్పు తీశాను. ఇలాంటప్పుడు ఒక పాత పద్ధతి ఉంది. కప్పుని కిరసనాయిలుతో తడిపి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు పొడిలోకి ఊరి గీతలా కనబడుతుంది. ఒక గుంట నుంచి అంచు దాకా సన్నటి గీత తేలింది.

"ఇది వేయలేనండి. నడుస్తుండగా విడిపోతుంది."

"విడిపోతే నేను పడతాను, అంతే కదండీ."

"వెనకాల పిన్నిగారు కూడా ఉంటారు కదండీ."

ఆయన కప్పు అందుకుని ఆ గీతని వెలుతురుకి పట్టి చూశారు. తర్వాత సైకిలు అక్కడే వదిలి, "ఏదో ఒకటి చూడండి బాబూ. ఆవిడకి మాత్రం చెప్పకండి" అని షేర్ ఆటో కోసం రోడ్డు మీదికి నడిచారు.

*

నాకు తోచిన దారి ఒకటే. ముందు భాగంలో బరువు మోసే విదేశీ సైకిళ్ళకి ఫోర్కు మెడ నుంచి ఫ్రేము కింది గొట్టానికి ఒక స్ప్రింగు కట్టి ఉంటుంది. హ్యాండిలు ఎటు తిరిగినా స్ప్రింగు దాన్ని మధ్యకి లాగుతుంది. కప్పులు కొత్తవే ఉంటాయి, నిలబెట్టే పని స్ప్రింగు చేస్తుంది.

అయితే ఎంత బలమైన స్ప్రింగు? పాత గుంటలు ఎంత గట్టిగా పట్టుకునేవో కొలవకుండానే తీసేశాను. అందుకని షాపులోనే, కొలత వరకు మాత్రమే, పాత కప్పుల్ని మళ్ళీ ఎక్కించాను. పక్కన చేపలమ్మే ఆయన దగ్గర స్ప్రింగు కాటా అరువు తెచ్చి, కొక్కెం కుడి గ్రిప్పుకి తగిలించి లాగాను. గోళీలు గుంటల్లోంచి లేవడానికి తొమ్మిది వందల గ్రాములు పట్టింది. రెండు మూడుసార్లు చూసినా అంతే.

మర్నాడు సాయంత్రం కాటా ఇంకా గ్రిప్పుకి వేలాడుతూనే ఉంది. షేర్ ఆటో ఒకటి షాపు ముందు ఆగింది. మంగతాయారు గారు దిగారు.

"ఏం బాబూ, అన్నీ చూశారు, క్యారేజీ చూళ్ళేదేంటండీ? వెల్డింగు చిట్లిందంటన్నారు మా ఆయన. వారం నుంచీ నన్ను ఆటోలో కుక్కి పంపుతున్నారు."

ఆవిడ వంగి, క్యారేజీని రెండు చేతులతో పట్టుకుని కుదిపారు. ఏమీ కదల్లేదు. అతుకు అతుకుకీ వేలు పెట్టి చూశారు.

"చిట్లలేదే!"

నేను రెంచీ తుడవడం మొదలుపెట్టాను.

"అయితే నన్ను మొయ్యలేక చెప్పిన అబద్ధం అన్నమాట. లావైపోయావే అని నోటితో చెప్పొచ్చుగా? ఇన్నేళ్ళు మోశారు, ఇంక చాల్లే అంటే నేనేమన్నా ఏడుత్తానా?"

ఆ మాట అంటూనే కళ్ళు తుడుచుకున్నారు. ఊతకోసం హ్యాండిలు మీద చెయ్యి వేశారు. హ్యాండిలు కొంచెం తిరిగి, టక్కుమని మధ్యలో నిలబడింది. ఆవిడ ఆగిపోయారు. చేత్తో మళ్ళీ తిప్పి వదిలారు. మళ్ళీ టక్.

"ఇది పాతదే కదండీ. ఎత్తెక్కేటప్పుడు దిగి నడిపిత్తాను కదా, నా చేతికి తెలుసు." కాటా వైపు, బల్ల మీద విప్పి పెట్టిన కొత్త కప్పుల వైపు చూశారు. "కొత్తది బాగోలేదా ఆయనకి?"

చెప్పొద్దన్న వీర్రాజు గారి మాట అప్పటికే నిలబడలేదు. ఆవిడ చెయ్యే అంతా చదివేసింది. మిగిలింది నేను చెప్పాను. గుంటల సంగతి, బస్తా సంగతి.

"అందుకా మోచెయ్యి గీరుకుపోయింది! కుండీ తగిలిందన్నారు నాతో." స్టూలు మీద కూర్చుండిపోయారు. "వెనకాలే కూర్చున్నాను బాబూ ఇన్నాళ్ళూ. ఆయన వీపే కనపడేది గాని, ఆ చెయ్యి ముందు ఎంత కష్టపడతందో నాకేం తెలుసు? బాగు చేయిద్దామని తెచ్చి పాడు చేశానన్నమాట."

"అలా అనకండి పిన్నిగారూ." పగిలిన చోటు చూపించాను. "మీరు తేకపోతే ఇది గట్టు మీదే ఎప్పుడో విడిపోయేది. మీరు తేవాల్సిందే. నేను మార్చాల్సిందే. కాకపోతే పాతది చేస్తున్న పని ఒకటుంది, దాన్ని ఇంకొకదానికి అప్పజెప్పాలి. అదే చూస్తున్నాను."

ఆవిడ స్టూలు బల్ల దగ్గరికి జరుపుకుని, "కానివ్వండి, నేను చూత్తాను" అన్నారు. కొత్త కప్పులు మళ్ళీ వేసేదాకా కదల్లేదు.

మొదట సైకిలు స్టాండు స్ప్రింగు కట్టి చూశాను. కాటా రెండు కిలోలు దాటింది. మంగతాయారు గారు హ్యాండిలు తిప్పి చూసి పెదవి విరిచారు.

"ఇది ఆయన చెయ్యి పీకేత్తాది. మొక్కకి ఊతకర్ర కట్టేటప్పుడు మేం బిగించం బాబూ. బిగిత్తే పురికొస కాండంలోకి దిగిపోద్ది. గాలికి ఊగాలి, ఊగి మళ్ళీ నిలబడాలి."

నా బల్ల మీద రెండోదిగా పెట్టుకున్నది పాత మోపెడ్ బ్రేకు షూ స్ప్రింగు. అది సన్నం. దాన్ని మధ్యలోనే కొంచెం సాగదీసి ఉండేలా కట్టాను. కింది గొట్టానికి క్లిప్పు వేసేచోట పెయింటు నొక్కుకోకుండా ట్యూబు ముక్క చుట్టాను. ఆరు వందల గ్రాములు చూపించింది. తొమ్మిది వందలకి తక్కువే. అయితే గుంట మొదట గట్టిగా పట్టుకుని తర్వాత వదిలేస్తుంది, స్ప్రింగు తిప్పేకొద్దీ లాగుతుంది. రెండూ ఒకటి కావు. ఒకటేనని ఆయనకి చెప్పకూడదు కూడా.

వెళ్ళేముందు ఆవిడ గుమ్మంలో ఆగి అన్నారు: "వెల్డింగు చేశానని చెప్పండి బాబూ మీరు. ఆయన అబద్ధం ఆయనకి ఉండనివ్వండి."

*

ఆదివారం పొద్దున్నే, వాళ్ళ నర్సరీలో లారీలకి మొక్కలెక్కించే ఖాళీ స్థలంలో ట్రయల్ పెట్టుకున్నాం. నేను రెంచీలు, కాటా తీసుకెళ్ళాను. వీర్రాజు గారు ముందురోజు షాపు నుంచి నడిపించుకెళ్ళిన సైకిలు, కంపోస్టు బస్తా తెచ్చారు. మంగతాయారు గారు ఒక పక్కన అరటి పిలకల దగ్గర నిలబడ్డారు.

"ఆవిడెందుకొచ్చిందో బాబూ" అని వీర్రాజు గారు నా చెవిలో అన్నారు. "వెల్డింగు పరీక్ష చేత్తన్నామని చెప్పాను. మీరూ అదే అనండి."

"అలాగేనండి."

మొదట ఒంటరిగా తొక్కారు. రెండు చుట్లు తిరిగి నా దగ్గర కాలు దించారు.

"ఎలా ఉందండీ?"

"పాతదానిలా లేదండి. పాతది పట్టుకునేది. ఇది అడుగుతంది."

"తేడా ఉంటుందండి. మళ్ళీ నేర్చుకోవాలి."

"నేర్చుకుంటాను. ఒకసారి నేర్చుకున్నోణ్ణే కదా."

బస్తా కట్టాం. బస్తాతో మొదటి మలుపులో ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకుంది. ఆయన దవడ బిగించి దాన్ని నిలబెట్టారు. నేను పక్కన పరిగెత్తబోతే, "మీరు రాకండి బాబూ, నాకు కంగారు" అన్నారు. మూడో చుట్టుకి చెయ్యి గ్రిప్పు చివర నుంచి కొంచెం లోపలికి జరిపి పట్టుకున్నారు. అది నేను చెప్పింది కాదు, ఆయన చెయ్యే వెతుక్కుంది. దాంతో వంపులు తగ్గాయి. తర్వాత చుట్టులో తిన్నగా వచ్చారు. ఆగారు. చెమట కారుతోంది.

మంగతాయారు గారు నడిచి వచ్చి, బస్తా తాడు విప్పడం మొదలుపెట్టారు.

"ఏంటే అది? ఇంకా వెల్డింగు చూడాలి. నాలుగు రౌండ్లు బస్తాతోనే తిరగనీ."

"చాల్లెండి తిరిగింది. బస్తా బెల్లు కొడద్దా?"

"తాయారూ, వెల్డింగు ఊడితే?"

"ఊడితే ఇద్దరం పడతాం. వారం నుంచీ ఆ ఆటోలో ఒక్కదాన్నే ఎగిరెగిరి పడతన్నాను, అదేమన్నా బాగుందా?" నా వైపు తిరిగారు. "గట్టిగా చేశారుగా బాబూ వెల్డింగు?"

"చేశానండి పిన్నిగారూ."

వీర్రాజు గారు నా మొహంలోకి చూశారు. ఆ చూపులో ప్రశ్న వెల్డింగు గురించి కాదు. కప్పుల గురించి నేను హామీ ఇవ్వగలను. పగులు లేదు, సడలు లేదు, సైజు సరిగ్గా సరిపోయింది. మిగతా సగం ఆయన చేతిలో ఉంది, దానికి నా దగ్గర కొలమానం లేదు. తల ఊపాను.

ఆవిడ ఎక్కి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకున్నారు. ఆయన పెడలు నొక్కారు. మొదటి పది గజాలు సైకిలు పాములా వెళ్ళింది. ఆవిడ అరవలేదు. చొక్కా పట్టుకున్న చెయ్యి కూడా బిగించలేదు, నేను చూస్తూనే ఉన్నాను. మొదటి మలుపు దగ్గర హ్యాండిలు తిరిగి, స్ప్రింగు సాగి, మళ్ళీ మధ్యకి వచ్చి నిలబడింది. ఆ తర్వాత తిన్నగా, అరటి పిలకల పక్క నుంచి, గులాబీ కుండీల వరసల మధ్య నుంచి గేటు వైపు వెళ్ళారు. ఎదురుగా మనిషి లేడు, మేక లేదు. అయినా బెల్లు మోగుతూనే ఉంది.

*

హెడ్‌సెట్ అంటే నాకు అంతకుముందు రెండు సరిపోలికలు తెలుసు: కప్పు గొట్టానికి సరిపోవాలి, రేస్ ఫోర్కు మెడకి సరిపోవాలి. రెండూ కాలిపర్‌తో తేలతాయి. మూడోది తొక్కే మనిషికి సరిపోవడం. అది మనిషిని చూస్తేనే తేలుతుంది. అందుకని ఇప్పుడు ఎవరు బండి తెచ్చినా విప్పే ముందు "తొక్కేది ఎవరండీ?" అని అడుగుతున్నాను. వీలైతే ఆ మనిషినే రమ్మంటాను, నా కళ్ళముందు ఒకసారి తొక్కి చూపించమంటాను. కొంతమంది విసుక్కుంటారు. విసుక్కున్నా అడుగుతాను.

అరిగిన భాగాన్ని ఉంచమని ఈ కేసు నాకు నేర్పలేదు. పగిలిన కప్పు ఎవరు బతిమాలినా వేయను. కానీ అరిగిపోయిన వస్తువు ఒక్కోసారి ఎవరికో తోడుగా పనిచేస్తూ ఉంటుంది. దాన్ని తీసేటప్పుడు ఆ తోడు ఇక ఎక్కణ్ణుంచి వస్తుందో చూసి మరీ తీయాలి.

వీర్రాజు గారి సైకిలు వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నా దగ్గరికి వస్తుంది. వెల్డింగు సంగతి ఇంతవరకూ ఆయన ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. పోయిన నెల చూసినప్పటి వివరాలు ఇవి. కప్పుల్లో ఊగులాట: లేదు. గుంటలు: లేవు. స్ప్రింగు లాగుడు: ఐదు వందల ఎనభై గ్రాములు. ఎక్కి వెళ్ళినవారు: ఇద్దరు.